బుధవారం వచ్చే ఆరిసా

పోయిన ఏడాది నా డైరీలో జూన్ చివరి వారం నుంచి సెప్టెంబరు నెలాఖరు దాకా ఉన్న రాత నాది కాదు. నా భార్య వరలక్ష్మిది. అంతకు ముందు యాభై రెండేళ్ళలో నా డైరీలో ఇంకొకరి చెయ్యి పడలేదు.

నేను నీటిపారుదల శాఖలో వర్షపాతం నమోదు చేసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి వానమాపకం దగ్గరికి వెళ్ళి ఎంత పడిందో రాయాలి. పడకపోతే పడలేదని రాయాలి. రెండోది కూడా పనే అని కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేవాణ్ణి. ఈ జబ్బు సంగతి కూడా అలాగే రాస్తాను. పక్షవాతంతో మాట పోయినవాళ్ళ ఇళ్ళలో ఎవరైనా ఇది చదివితే, మా ఇంట్లో జరిగిన పొరపాటు అక్కడ జరగకుండా ఉంటుందని ఆశ.

ముందు మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. ఒడిశాలోని బరంపురంలో, బడా బజార్‌లో మా నాన్నకి బట్టల కొట్టు ఉండేది. తాతల నాడు వచ్చి స్థిరపడ్డ కుటుంబం. కొట్లో పొద్దస్తమానం ఒడియాయే. ఇల్లు చేరాక మాత్రం చెప్పులతోపాటు ఒడియా కూడా గుమ్మం బయట వదిలి రావాలని నాన్న నియమం. లోపల ఎవరి నోటైనా ఒడియా మాట వస్తే, దానికి తెలుగు చెప్పేదాకా కంచంలో అన్నం పడేది కాదు. నా ఏడో ఏట అమ్మ పోయింది. అప్పట్నించి ఆ నియమం నడిపింది మా అక్క కామేశ్వరి. నాకంటే పదేళ్ళు పెద్దది. నాకిప్పుడు డెబ్భై మూడు. అక్క మా ఇంటికి రెండు సందుల అవతల ఒక్కతే ఉంటుంది. నన్ను పెంచింది ఆవిడే.

ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు ఒడియా రాశాను, మాట్లాడాను. ఇంట్లోనూ డైరీలోనూ తెలుగు తప్ప ఇంకొకటి లేదు. ఈ రెండూ ఎప్పుడూ ఒకదానికొకటి అడ్డం రాలేదు.

జూన్ చివరి వారం. పొద్దున్న గడ్డం గీసుకుంటుంటే రేజరు చేతిలోంచి జారింది. వంగి తీద్దామంటే కుడి చెయ్యి కదల్లేదు. వరలక్ష్మి వంటింట్లోంచి వచ్చి, "ఏటండీ, ఏటలా నిలబడిపోయారు?" అంది. నాకు బాగా వినబడింది. అర్థమైంది కూడా. చెయ్యి అని చెబుదామని నోరు తెరిస్తే ఏదో శబ్దం వచ్చింది. అది ఏ భాషా కాదు. ఆవిడ నా మొహం చూసి, సెలవు మీద వచ్చి ఉన్న మా అబ్బాయిని కేకేసింది.

ఆస్పత్రిలో పన్నెండు రోజులు. మందుల సంగతి నాకు పెద్దగా తెలియదు. గుర్తున్నవి రాస్తాను. పైన ఫ్యాను రెక్కల్లో ఒకటి వంగి ఉండేది. పక్క మంచం మీద పట్టు నేసే ఒక ముసలాయన; ఆయనకీ నాలాగే కుడి వైపు పోయింది, పిడికిలి బిగుసుకుపోయి తెరుచుకునేది కాదు. వార్డు ఆయా మా ఇద్దరికీ తల దువ్వేది. అది ఆమె పనిలో భాగం కాదని తరవాత తెలిసింది.

ఏడో రోజున దాహం వేసి, నోరు తెరిస్తే, "పాణి" అన్నాను. ఒడియాలో నీళ్ళు. తెలుగు మాట కోసం వెతికాను. అది ఎక్కడుందో తెలుస్తోంది, చేతికి అందడం లేదు. అప్పుడు అక్క నా పక్కనే ఉంది. గ్లాసు నోటి దాకా తెచ్చి ఆపింది.

"నీళ్లు అను నాయినా. నీ... ళ్లు."

"పాణి."

"పాణి కాదురా. నీళ్లు. సిన్నప్పుడు నేర్పినాను కాదేటి నీకు?"

"పాణి."

నాలుగుసార్లు అన్నాను. ఆఖరికి అక్క కళ్ళు తుడుచుకుని గ్లాసు ఇచ్చింది. కావలసింది ఇవ్వకుండా కొంచెంసేపు ఆపితే మాట దానంతటదే తన్నుకొస్తుందని ఎవరో చెప్పారట. ఇంటికి వచ్చాక అందరూ అదే పద్ధతి పాటించారు. దువ్వెన, కళ్ళద్దాలు, దుప్పటి. ఎవరికీ కోపం లేదు, కఠినం లేదు. అందరూ నా మేలే కోరారు. నేను ఒడియాలో అడిగింది ఏదీ నా చేతికి రాలేదు. తెలుగులో ఏదీ నా నోటికి రాలేదు.

జూలై మధ్యలో మాట్లాడడం మానేశాను. కోపంతో కాదు. అడిగితే తప్పు అవుతోంది. అడక్కపోతే ఎవరో ఒకరు పెడుతున్నారు. నోరు మూసుకోవడమే సుఖం అనిపించింది.

ఆ రోజుల డైరీ వరలక్ష్మి రాసింది. నేను అడగలేదు. రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకి ఆవిడే పుస్తకం తీసి, తను మాట్లాడినట్టే రాసేది. "ఇడ్డెన్లు రెండు తిన్నారు. మాత్రలు ఏసుకున్నారు. మాట నేదు." మరునాడు, "ఉప్మా. మాట నేదు." ఆఖరి రెండు మాటలూ రోజూ అవే.

అక్క రోజూ సాయంత్రం నాలుగింటికి అక్షరాల పుస్తకం పట్టుకుని వచ్చేది. గంటసేపు ఒక్కో బొమ్మ మీద వేలు పెట్టి ఇదేటి, ఇదేటి అని అడిగేది. నేను గోడకేసి చూసేవాణ్ణి.

డాక్టరు వరలక్ష్మికి ఒకటే మాట చెప్పాడు. మాట తిరిగి రావాలంటే ఈ మొదటి నెలల్లోనే ఎక్కువ రావాలి, నోరు కదపకుండా కూర్చుంటే తరవాత కష్టం. ఆ రోజు ఆటోలో వస్తూ ఆవిడ నాతో అంది: "మీరు మాటాడకపోతే నానెవరితో మాటాడాలండీ? గోడలతోనా? గోడలే నయం, మారైనా పలుకుతాయి." తన మాటకి తనే నవ్వి, తరవాత బయటికి తిరిగి కూర్చుంది.

వారానికి మూడు రోజులు ఆస్పత్రిలో వ్యాయామాలు నేర్పే హాలుకి వెళ్ళాలి. ముందు గదిలో గంటో రెండు గంటలో కూర్చోవాలి. ఆ గది గురించి ఒక సంగతి రాసుకోదగ్గది. అక్కడ రోగి పేరు రోగిని ఎవరూ అడగరు. పక్కన వచ్చినవాళ్ళని అడుగుతారు. "ఈయనకి ఎప్పుడొచ్చింది? ఈయన తింటారా? ఈయనకి తెలుస్తుందా?" నాకు తెలుస్తూనే ఉండేది.

మాట నేర్పే అమ్మాయి ఒడియా పిల్ల, చిన్న వయసు. "అమ్మా, ఏ భాష ముందొస్తే దాన్ని రానివ్వండి. ఒకటి కదిలితే రెండోది దాని వెనక రావచ్చు," అని వరలక్ష్మికి చెప్పింది. ఆ మాట అక్క చెవిన పడింది. "ఆ పిల్లకేటి తెలుసే? ఆల్లకి ఒడియా వొస్తే సాలు. మన ఇంటి సంగతి ఆల్లకెందుకు?" అంది.

జూలై చివరి బుధవారం ఆ హాల్లోకి ఒక కుక్క వచ్చింది. పేరు ఆరిసా. పాకం రంగు. రోగులకి తోడు కూర్చోవడానికి తర్ఫీదు పొందిన కుక్క. ఒడియావాళ్ళు ఆరిసా అనే పిండివంట, మనం అరిసె అనేది ఒకటే. దాన్ని తెచ్చినావిడ పేరు మినతి, పొలసరలో పుట్టి పెరిగిన మనిషి, నర్సుగా చేసి రిటైరైంది. ఆమె తెలుగు వార్డుల్లో రోగుల దగ్గర నేర్చుకున్నది. కుక్క వీపు మీద నీలం గుడ్డ ఉంటే అది పనిలో ఉన్నట్టు. గుడ్డ తీసేస్తే సెలవు.

వరలక్ష్మి కాళ్ళు బెంచీ మీదికి ముడుచుకుంది. "కుక్కేటి, ఆస్పత్రిలోనా? ఓలమ్మా! ఇంటికెల్లి తలకి పోసుకోవాల."

మినతి నవ్వి, ఒడియావాళ్ళ అలవాటున పిన్నీ అన్నట్టు పిలిచింది. "మౌసీ, ఈరోజు పొద్దున్నే దీనికి తలస్నానం అయింది. మీకు అయిందా?"

"నాకవకపోతే నాను బయటికే రాను."

"అయితే ఇద్దరూ సమానం."

టీకాల కార్డు గోడకి తగిలించారు. ముట్టుకునే ముందు, తరవాత చేతులు కడుక్కోవాలి. తినడానికి ఏమీ పెట్టకూడదు. ఇష్టం లేనివాళ్ళ దగ్గరికి రాదు. భయపడ్డ ఒకావిడని వేరే గదిలో కూర్చోబెట్టారు. అరగంట కాగానే పని ఆపించేస్తుంది మినతి. కుక్కకి కూడా అలసట ఉంటుందట. నాలుక తీరు చూసి, చెవుల తీరు చూసి ఆమెకి తెలిసిపోతుంది.

మొదటి బుధవారం నాకు సంబంధించి ఏమీ జరగలేదు. రెండో బుధవారం అది, వార్డులో నా పక్క మంచం మీద ఉండిన నేతాయన దగ్గర కూర్చుంది. ఆయన భార్య రోజూ నూనె రాసి, బలవంతాన వేళ్ళు విప్పుతుంటే ఆయన అరిచేవాడు. ఆ రోజు కుక్క తల ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన పిడికిలితోనే దాని మెడ మీద రుద్దాడు. రుద్దుతూ రుద్దుతూ చిటికెన వేలు, దాని పక్క వేలు కొంచెం విచ్చుకుని బొచ్చులోకి వెళ్ళాయి. ఆయన చూసుకోలేదు. ఆయన భార్య చూసి, నూనె సీసా మూత పెట్టేసింది.

మూడో బుధవారం అది నా ముందుకు వచ్చి నిలబడింది. మనుషులు నా పెదాలకేసి చూసేవారు, ఏదైనా వస్తుందేమోనని. కుక్క నా పెదాలు చూడలేదు. దానికి నేను ఏ మాటా బాకీ లేను. ఊరికే నిలబడి ఉంది. కాసేపటికి, పాపం ఎంతసేపు నిలబడుతుంది అనిపించింది.

"బొసొ," అన్నాను. కూర్చో అని.

కూర్చుంది.

ఇరవై ఆరు రోజుల తరవాత నేను అన్న మాట అది. నేనన్నది సరిదిద్దకుండా, అన్నది అన్నట్టు చేసిన మొదటి ప్రాణి ఆ కుక్క. మాట నేర్పే అమ్మాయి ఏదో అనబోతే మినతి వేలితో వద్దని సైగ చేసింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అది పెద్ద ఉపకారం. ఒక నిమిషం పోయాక "ఉఠ్" అన్నాను. లేచింది. మళ్ళీ "బొసొ" అన్నాను. మళ్ళీ కూర్చుంది. దానికి విసుగు రాలేదు, నాకూ రాలేదు.

ఇంటికి వచ్చాక వరలక్ష్మి తలకి పోసుకుని వచ్చింది. నేను "పాణి" అన్నాను. ఆవిడ గ్లాసు నింపింది. గోడమీద అత్తమామల పటం వైపు ఒకసారి చూసింది. గ్లాసు నా చేతిలో పెట్టేసింది. ఆ రోజు డైరీ: "కుక్కతో ఒక మాట అన్నారు. ఒడియా. నాతో ఒకటి. అదీ ఒడియాయే. అయితే ఏటి."

ఆగస్టులో బుధవారం కోసం ఎదురుచూడడం మొదలైంది. అంతకు ముందు వారంలో రోజులన్నీ ఒకేలా ఉండేవి. ఇప్పుడు ఒకటి వేరుగా ఉంది. వరలక్ష్మి కూడా ముందు బెంచీ చివరికి జరిగింది, తరవాత కాళ్ళు దించింది, నెల తిరిగేసరికి "ఒలే అరిసీ, ఇలా రాయే" అని పిలిచే దాకా వచ్చింది. తలస్నానం మాత్రం మానలేదు.

ఆగస్టు చివరి బుధవారం అక్క హాలుకి వచ్చింది. తమ్ముడికి మాట వచ్చిందని ఎవరో చెప్పారు. ఏ మాటో చెప్పలేదు. గుమ్మం దగ్గర నిలబడి చూసింది. నేను కుక్కతో "ఆ, బొసొ, భల, భల" అంటున్నాను. రా, కూర్చో, బాగుంది, అని. అప్పటికి మాటలు బాగానే పడుతున్నాయి.

"నెలన్నర," అంది అక్క. అందరూ తిరిగి చూశారు. "నెలన్నర రోజూ ఒచ్చి నీ కాడ కూకున్నాను. అ అంటే ఆ అన్లేదు. కుక్కకి మాత్రం దర్జాగా ఆర్డర్లేస్తన్నావు."

"ఒదినగారూ, అలక్కాదు," అంది వరలక్ష్మి.

"నువ్వూరుకో. నాన్న పోతా పోతా నా సేతిలో పెట్టిందేటి? ఇల్లు కాదు, కొట్టు కాదు. ఈడి మాట. అది నా సేతిలోనే పోయిందంటారు రేపు."

నాకు ఆవిణ్ణి పిలవాలనిపించింది. నోరు తెరిచాను. "నాని," అన్నాను.

గంజాంలో ఒడియావాళ్ళు అక్కని నాని అంటారు. అక్కకి ఆ సంగతి తెలుసు. నా వైపు ఒక్క క్షణం చూసి, చెంగు భుజం మీదికి లాక్కుని వెళ్ళిపోయింది. మరునాడు నాలుగింటికి రాలేదు. ఆ మరునాడూ రాలేదు.

అప్పుడు నాకు పట్టుకున్న భయం జబ్బు మొదటి రోజు భయం కంటే పెద్దది. అక్కకి ఎనభై మూడు. నాతో మాటలు మానేసి ఉండగా ఆవిడకి ఏమైనా జరిగితే? ఆవిడతో ఒడియాలో మాట్లాడలేను, వినదు. తెలుగు లేదు. రోజూ అద్దం ముందు నిలబడి అక్కా అనడానికి ప్రయత్నించాను. రాలేదు.

వినాయక చవితికి వరలక్ష్మి ఉండ్రాళ్ళు తీసుకుని అక్క ఇంటికి వెళ్ళొచ్చింది.

"ఏటి, మాట ఒచ్చిందా ఆడికి?" అని అడిగిందట అక్క.

"సగం ఒచ్చింది ఒదినగారూ."

"ఏ సగం?"

అక్క ఉండ్రాళ్ళ గిన్నె కడిగి, ఖాళీగా ఇవ్వకూడదని అందులో చారెడు బెల్లం వేసి పంపింది.

సెప్టెంబరులో మినతి ఒక సాయం అడిగింది. శనివారాలు ఆరిసాని మా పేటలోని తెలుగు బడికి తీసుకెళ్తుంది. పైకి చదవడానికి జంకే పిల్లలు ఒక్కొక్కరే ఒక మూల కూర్చుని కుక్కకి పాఠం చదివి వినిపిస్తారు. కొందరు తల్లిదండ్రులకి అనుమానాలున్నాయి. కరిస్తే ఎవరు బాధ్యులు, చదువుకి కుక్క ఎందుకు, అని. "మౌసా, మీలాంటి పెద్దమనిషి పక్కన కూర్చుంటే వాళ్ళకి ధైర్యం. మీరు మాట్లాడొద్దు. ఊరికే కూర్చోండి చాలు," అంది.

ఊరికే కూర్చోవడం నాకు అలవాటైన పని. ఒప్పుకున్నాను.

అక్కడ గౌరి అని ఏడేళ్ళ పిల్ల ఉంది. చికిటి నుంచి వచ్చిన కుటుంబం. ఇంట్లో గలగల మాట్లాడుతుందట. బడిలో మాత్రం చేరిన నాటి నుంచి ఒక్క మాట లేదు. టీచరు బెదిరించి చూసింది, బతిమాలి చూసింది. రెండో శనివారం గౌరి కుక్క పక్కన బోర్లా పడుకుని పుస్తకం తెరిచింది. చాలాసేపు బొమ్మ చూసింది. తరవాత గుసగుసగా మొదలుపెట్టింది. చెరువు గట్టు, కొంగ, చేపపిల్లలు. టీచరు గుమ్మం బయట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆరిసా కళ్ళు మూసుకుని వింటోంది. నిద్రపోతోందేమో కూడా. పిల్లకి ఆ తేడా అవసరం లేదు.

నేను మూడు గజాల దూరంలో కుర్చీలో ఉన్నాను. గౌరి ఒక వరుస దాటేసి కింది వరుసకి వెళ్ళిపోయింది. కథ తెగింది. చేపపిల్లలు ఇంకా నీళ్ళలోనే ఉన్నాయి. కొంగ మాత్రం తినడం అయిపోయి మూతి తుడుచుకుంటోంది.

"కాదు," అన్నాను.

స్పష్టంగా, తడుముకోకుండా, గట్టిగా వచ్చింది. మూడు నెలల్లో నా అంతట నేను అన్న మొదటి తెలుగు మాట అది.

గౌరి పుస్తకం మూసేసింది. కుక్క కళ్ళు తెరిచి, తల ఎత్తి పిల్ల మోకాలి మీద పెట్టింది. లాభం లేకపోయింది. టీచరు నన్నేమీ అనలేదు. మినతి కూడా అనలేదు. "వచ్చే శనివారం కూడా రండి," అని మాత్రం అంది.

ఇంటికి వచ్చి వరలక్ష్మికి చెప్పాలనుకున్నాను. తెలుగు మాట వచ్చిందన్న సంతోషం ఒక పక్క, అది ఏం చేసిందో తెలిసిన సిగ్గు ఒక పక్క. చెప్పలేదు. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు, హేళన లేదు. తప్పు వినబడగానే నాలో ఏదో ఉలిక్కిపడింది. ఇలాగే వదిలేస్తే ఈ పిల్ల ఎప్పటికీ తప్పే చదువుతుందేమోనన్న భయం. అంతే. అంతకంటే ఏమీ లేదు. గ్లాసు పట్టుకుని నా మంచం పక్కన నిలబడ్డ అక్క మొహంలో ఉన్నది కూడా అదేనని ఆ రోజు తెలిసింది.

తరవాతి మూడు శనివారాలు గౌరి పుస్తకం తెరవలేదు. కుక్క మాత్రం ప్రతి వారం వెళ్ళి, ఆ పిల్ల పక్కన అరగంట పడుకుని లేచింది. దానికి ఫలితంతో పని లేదు. మనిషైతే రెండో వారానికే ఏమ్మా, ఇంకా చదవవా అని అడిగి ఉండేవాడు. అది అడగలేదు. నేనూ వెళ్ళి కూర్చున్నాను. ఈసారి రెండు పెదాల మధ్య రుమాలు మడత పెట్టుకుని. ఆ తరవాతి శనివారం గౌరి నాకు వీపు తిప్పి కూర్చుని, కొంగ కథ మొదటి నుంచి చదివింది. నాలుగు చోట్ల తప్పింది. నేను రుమాలు కొరుక్కున్నాను.

అక్టోబరు నుంచి డైరీ మళ్ళీ నేనే రాస్తున్నాను, ఎడమ చేత్తో, తెలుగులో. అక్షరాలు వంకర. తెలుగు మాటలు ఒక్కొక్కటే వస్తున్నాయి. ముందు చిన్నవి. వాక్యం కట్టబోతే మధ్యలో ఒడియా వచ్చి కూర్చుంటుంది. రానిస్తున్నాను.

కుక్క వల్ల జబ్బు నయమైందని నేను రాయను. మందులున్నాయి, వ్యాయామాలున్నాయి, కాలం ఉంది. కుక్క చేసిందల్లా ఇది: అది ఉన్నంతసేపు నేను పరీక్షలో కూర్చున్నట్టు లేను. పరీక్ష లేని చోట మాట బయటికొచ్చింది. నేతాయన వేళ్ళూ, గౌరి చదువూ అంతే. ఇళ్ళలో ఉన్నవాళ్ళకి కుక్క లేకపోయినా ఈ పని చేతనవుతుంది. రోగి ఏ భాషలో అడిగినా, ఎంత వంకరగా అడిగినా, అడిగింది ముందు చేతికివ్వండి. దిద్దడానికి తరవాత వేళ ఉంటుంది.

కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం చేతికర్ర పట్టుకుని ఒక్కణ్ణీ అక్క ఇంటికి వెళ్ళాను. రెండు సందులు దాటడానికి అరగంట పట్టింది. అక్క వరండాలో కూర్చుని వత్తులు చేస్తోంది. నన్ను చూసి చేతులు ఆపింది. లేవలేదు.

"అక్కా," అన్నాను. రెండోసారికి వచ్చింది.

"కూకో," అంది. పీట జరిపింది.

గౌరి సంగతి చెప్పాను. తెలుగులో. అలా చెప్పాలని ఇంటి దగ్గర్నించి మనసులో వల్లె వేసుకుంటూ వచ్చాను. పుస్తకం, కొంగ, నేను కాదు అనడం, పిల్ల నోరు మూసుకోవడం, మూడు శనివారాలు. మామూలు మనిషికి అయిదు నిమిషాల కథ. నాకు ముప్పావుగంట పట్టింది. మాటలు తారుమారయ్యాయి. చేప అనబోతే ఒకటి, వీపు అనబోతే ఇంకొకటి వచ్చాయి. ఒక్కో మాట దగ్గర ఆగిపోయి, చేతులు తిప్పి, మళ్ళీ వెనక్కి వెళ్ళాను.

అక్క ఒక్కసారి కూడా మాట అందివ్వలేదు. ఎడమ చేత్తో మూతి మూసుకుంది. కుడి చెయ్యి ఒళ్ళో ఉంది. నేను తప్పినప్పుడల్లా ఆ చేతి బొటనవేలు ఒక్కో కణుపు మీదికి జరుగుతోంది. ఆవిడకి తెలియకుండానే జరుగుతోందనుకున్నాను.

కథ అయింది. అక్క మూతి మీద నుంచి చెయ్యి తీసింది.

"ఆ పిల్ల మల్లీ సదివిందా?"

"సది...వింది."

"నీకేసి సూసిందా?"

"లేదు."

"సూడదు," అంది అక్క. "కొన్నాల్లు సూడదు." కొంగుతో మొహం తుడుచుకుంది.

నేను ఆవిడ కుడి చేతి వైపు చూపించాను. "తప్పులు... ఎన్ని?"

అక్క చెయ్యి చీరలో దాచుకుంది. "నానెందుకు నెక్కెడతాను?"

"ఎన్ని?"

"పదకొండు," అంది.

"సెప్పు."

"ఒద్దురా. ఆ మాట నేర్పే పిల్ల ఒద్దందట. నీ పెల్లాం సెప్పింది."

"నేను... అడుగుతున్నా. సెప్పు."

అక్క నా మొహంలోకి చూసింది. నిజంగానే అడుగుతున్నానని తేల్చుకుని, వత్తుల పళ్ళెం పక్కకి నెట్టి, పీట నా ఎదురుగా లాక్కుని కూర్చుంది. వేళ్ళు మడుస్తూ మొదటి నుంచి వరసగా చెప్పింది. ఏదీ మరిచిపోలేదు. ఒక్కోటీ చెప్పి ఆగింది. నేను అన్నాను. ఏడు సరిగ్గా వచ్చాయి. నాలుగు రాలేదు.

"ఆ నాలుగూ ఉండనీ," అంది అక్క. "పాణి తాగుతావా?"